క్యూ షీటులో ఐదో గడి

పదేళ్ల కిందటి నవంబరులో, బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో ఒక హోటలు లాంజికి నన్ను సీనియర్ సౌండ్ టెక్నీషియనుగా వేశారు. అంతకు ముందు ఏడేళ్లు అదే హోటల్లో పెళ్లి హాళ్లకూ కంపెనీ మీటింగులకూ మైకులు పెట్టాను. లాంజి పని వేరు. అక్కడ రోజూ బ్యాండు పాడుతుంది, రోజూ వినేవాళ్లు మారతారు. అమెరికా నౌకాదళ స్థావరం దగ్గరే కాబట్టి వచ్చేవాళ్లలో అమెరికా వాళ్లు ఎక్కువ. వాళ్లు అడిగేది కంట్రీ పాటలు. కంట్రీ అంటే వాళ్ల పల్లెపాట అనుకుంటే చాలు. గిటారు, రైలు చక్రాల లాంటి తాళం, రోడ్డు, ఇల్లు, ఎడబాటు.

ఈ మధ్యనే ఉద్యోగం మానేశాను. నాకు యాభై మూడేళ్లు. స్పీకర్ల పక్కన గడిపినందుకు కుడి చెవి సగం పోయింది. సౌండ్ మనిషికి అంతకంటే కారణం అక్కర్లేదు. కానీ మానేసే ముందు సరిచేయాల్సిన సంగతి ఒకటి ఉండిపోయింది. ఒక పాత కంట్రీ పాటకు నేను కొత్త నడక ఇచ్చానని జుఫైర్ హోటళ్లలో పేరుంది. అది నిజం కాదు. ఆ వివరం ఇక్కడ రాస్తున్నాను.

పాట అసలు పేరు వదిలేస్తాను. మేము దాన్ని గేటు పాట అనేవాళ్లం. పట్టాలు వేసే పనికి దూరం వెళ్లినవాడు ఇంటికి తిరిగి వస్తూ భార్యతో అంటాడు: గేటుకు గడియ పెట్టకు, వస్తున్నాను. మూడు చరణాలు. ఒక్కో చరణానికి ఇల్లు కొంత దగ్గరవుతుంది. దాన్ని మొదట పాడిన ముసలాయన గిటారు ఒక్కటే పట్టుకుని పాడాడు. తర్వాత ఒకావిడ పియానోతో పాడింది, ఒక రాక్ బ్యాండు గోలగోలగా పాడింది, డాన్సు కోసం ఇంకెవరో పాడారు. ఒకరి పాటను మరొకరు తమ పద్ధతిలో పాడితే మా పనిలో కవర్ అంటారు. ఈ కవర్లన్నిటిలో ఒక పోలిక ఉంది. ఆఖరి పల్లవి దగ్గర అందరూ శ్రుతి ఒక మెట్టు పెంచి గొంతెత్తి పాడతారు. చప్పట్లు అక్కడే పడతాయి.

నేను లాంజికి వచ్చిన వారమే కొత్త బ్యాండు దిగింది. ఐదుగురు ఫిలిప్పీన్స్ వాళ్లు. పాడేది మారిసెల్, గిటారు ఆమె తమ్ముడిది. మా ఎంటర్‌టైన్‌మెంట్ మేనేజరు గోవా మనిషి. జుఫైర్‌లో ప్రతి బ్యాండూ గేటు పాట పాడుతోందనీ, వీళ్లకంటూ ఒక తీరు లేకపోతే మూడు నెలల కాంట్రాక్టు పొడిగించడం కష్టమనీ ఆమెకు మొదటి రోజే చెప్పేశాడు. ఆమె ఆ మాట నాకు చెప్పి, ఏమైనా తోస్తే సాయం చెయ్యమంది.

లాంజిలో ప్రతి సాయంత్రానికీ ఒక క్యూ షీటు ఉంటుంది. పాటల వరస, శ్రుతి, వేగం, లైట్లు రాసుకునే కాగితం. ఐదో గడి అరేంజ్‌మెంటు ఎవరిదో రాయడానికి, అంటే పాటను ఆ తీరుగా కూర్చింది ఎవరో. నాకు పని నేర్పిన మలయాళీ పెద్దాయన ఆ గడి ఖాళీగా వదిలితే ఊరుకునేవాడు కాదు. స్టేజీ మీద ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియాలి, అందుకే ఆ గడి అనేవాడు. నేను తలూపి మరిచిపోయాను.

ఇక లైన్ చెక్ సంగతి. బ్యాండు రాకముందే ప్రతి మైకూ పనిచేస్తోందో లేదో, ఎంత గొంతుకు ఎంత పెంచాలో చూసుకోవాలి. నేను మైకుల శబ్దం సరిచూసే మిక్సర్ దగ్గర ఉంటాను కాబట్టి మైకు ముందు ఇంకొకరు నిలబడాలి. అది అసిస్టెంటు టెక్నీషియను పని. మా అసిస్టెంటు ఆ నెలే ఖతార్ వెళ్లిపోయాడు, పోస్టు ఖాళీ. దాంతో నేను మగ్గిడి లింగన్నను నిలబెట్టాను.

లింగన్న జగిత్యాల వైపు మనిషి. నా ఈడువాడే. హోదా హౌస్‌మ్యాన్, అంటే స్టేజీ చెక్కలు పరచడం, కుర్చీలు వేయడం, తీయడం. హోటలు ఉద్యోగి కూడా కాదు. మీనా సల్మాన్ ఓడరేవు దగ్గర ఆఫీసున్న ఒక లేబర్ ఏజెన్సీ పంపిన మనిషి. అలాంటివాళ్లు సౌండ్ సామాను ముట్టుకోకూడదని రూలు. రూలు నాకు తెలుసు, అతనికీ తెలుసు. సాయంత్రం నాలుగింటికి లాంజిలో ఇంకెవరూ ఉండరు కాబట్టి ఇద్దరం దాన్ని పక్కన పెట్టాం.

రెండు రోజులు చెక్, చెక్ అన్నాడు. మాట గొంతు వేరు, పాట గొంతు వేరు, లెవెలు తెలియడం లేదు, ఏదైనా పాడమన్నాను. అతను ఆలోచించి, ఈ అమెరికోళ్లు రోజూ అడిగే పాటలో ఏముందో చెప్పమన్నాడు. చెప్పాను.

“గంతేనా సారూ? నేనేందో పెద్ద ముచ్చట అనుకున్న. దుబాయికి వచ్చినోళ్లందరి పాటనే గద.”

ఇది దుబాయి కాదు, బహ్రెయిన్ అన్నాను.

“మా ఊళ్లె బస్సు దిగి ఆ మాట చెప్పుండ్రి, ఎవలన్న నమ్ముతరేమో సూద్దాం” అని నవ్వి, మైకు ముందుకు జరిగి పాడాడు.

రాగం గేటు పాటదే. రోజూ కుర్చీలు వేస్తూ విన్నదే కదా. మాటలు మాత్రం అతనివి. దర్వాజకు గొళ్లెం పెట్టకే, నేనొస్తున్ననే అని. కుడికాలితో స్టేజీ చెక్క మీద తాళం వేస్తూ పాడాడు. మొదటి పల్లవి గొంతెత్తి పాడాడు, రెండోది కొంచెం దించాడు. అందరూ శ్రుతి పెంచే ఆఖరి పల్లవి దగ్గర అతని గొంతు దాదాపు మాట్లాడుతున్నంత కిందికి దిగింది. నా చెయ్యి మిక్సర్ మీదే ఉండిపోయింది. ఆ పాట అప్పటికి ఎన్ని రకాలుగా విన్నానో లెక్కలేదు. ఆ మనిషి ఇంటికి చేరినట్టు అనిపించడం అదే మొదటిసారి.

ఎందుకలా దించావని అడిగాను.

“ఇల్లు దగ్గరవడ్డంక ఎవలన్న ఒర్రుతరా సారూ? ఊరవతల ఉన్నప్పుడు ఒర్రుతరు. వాకిట్లకు వచ్చినంక మెల్లగనే పిలుస్తరు.”

మర్నాడు మళ్లీ పాడించి, మిక్సర్‌లోనే రికార్డు చేశాను. మారిసెల్‌కు ఇవ్వడానికి ఒక కాపీ తీస్తూ లో-కట్ వేశాను. లో-కట్ అంటే బరువైన మంద్ర శబ్దాలను కోసేసే మీట. పాడేవాళ్ల మైకులో స్టేజీ దడదడలు, ఏసీ హోరు వినపడకుండా ప్రతి గొంతుకూ దాన్ని వేయడం మాకు అలవాటు. అన్నం వండే ముందు బియ్యం కడిగినట్టే, ఎందుకని ఎవరూ ఆలోచించరు. లింగన్న కాలి చప్పుడు పోయింది, గొంతు శుభ్రంగా మిగిలింది.

మారిసెల్ విని, ఎవరు పాడారంది. మా వాళ్లలో ఒకరన్నాను. ఆమె తమ్ముడు గిటారు మీద స్వరాలు చూసుకున్నాడు, నేను పాట కూర్పు కాగితం మీద రాసిచ్చాను. ఆ కాపీలో ఆఖరి పల్లవి దగ్గర గొంతు వెనక వెనకగా సాగుతున్నట్టు నాకు వినిపించింది. వేగం తగ్గిస్తున్నాడని అనుకుని, ఇక్కడి నుంచి నెమ్మది అని గుర్తు పెట్టాను.

గురువారం సాయంత్రం మొదటి విడతలో మారిసెల్ దాన్ని ఇంగ్లిషులో పాడింది. ఆఖరి పల్లవి దిగుతుంటే గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. అయిపోయాక కూడా చప్పట్లు వెంటనే పడలేదు. తర్వాత పడ్డవి మాత్రం చాలాసేపు ఆగలేదు. మేనేజరు నా దగ్గరున్న క్యూ షీటు చూసి, తనే స్టేజీ ఎక్కి, ఈ అరేంజ్‌మెంటు మా సౌండ్ టెక్నీషియన్ దాసుది అని చెప్పాడు. ఎందుకంటే ఐదో గడిలో ఉన్నది నా పేరు. మధ్యాహ్నం నేనే రాశాను.

ఎందుకు రాశానో ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. లింగన్న పేరు రాస్తే మైకు ముట్టుకున్నాడని తెలుస్తుంది, ఏజెన్సీ వాళ్లు వెనక్కి పంపేస్తారు, అతన్ని కాపాడటానికే నా పేరు వేశాను అని. ఆ మధ్యాహ్నానికి అందులో సగం నిజం ఉంది. మేనేజరు నా పేరు చెప్పినప్పుడు నేను లేచి నిలబడి చెయ్యి ఊపాను. అప్పటి నుంచి ఆ సగం కూడా లేదు. లింగన్న అప్పుడు తెర పక్కన కుర్చీల బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. బండి తోసుకుంటూ లోపలికి పోయాడు.

బ్యాండుకు కాంట్రాక్టు పొడిగించారు. పక్క హోటళ్ల బ్యాండ్లు వచ్చి విని వెళ్లేవి. డిసెంబరు నెలాఖరుకు హోటలుతో ఏజెన్సీ ఒప్పందం ముగుస్తోంది, హౌస్‌మ్యాన్‌లందరూ ఏజెన్సీకే తిరిగి పోవాలి. అసిస్టెంటు పోస్టు ఇంకా ఖాళీ. ఆ పోస్టు దొరికితే లింగన్న వీసా హోటలు పేరు మీదికి మారుతుంది, సీపీఆర్ అనే ఇక్కడి గుర్తింపు కార్డు మీద లేబరుకు బదులు టెక్నీషియన్ అని పడుతుంది. ఒకరోజు లైన్ చెక్ అయ్యాక అతనే అడిగాడు.

“సారూ, గా పాట నాదని మేనేజరుకు ఒక్కమాట చెప్పరాదుండ్రి. వైర్లు సుట్టుడు వస్తది, మైకులు పెట్టుడు వస్తది. చెవి ఉన్నదని మీరే అన్నరు.”

చూద్దాం లింగన్నా అన్నాను.

రెండు రోజులకు మేనేజరు గదికి పిలిచాడు. నీ పాట వల్లే గురువారాలు సీట్లు దొరకడం లేదని భుజం తట్టాడు. అసిస్టెంటుగా మంచి చెవి ఉన్నవాడు కావాలి, నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లింగన్న పేరు నోటిదాకా వచ్చింది. చెబితే అతని చెవి గురించి నాకెలా తెలుసో కూడా చెప్పాలి. నాకు తెలిసినవాళ్లు లేరు సార్ అన్నాను. వేరే హోటలు నుంచి ఒకతన్ని తీసుకున్నారు.

జనవరి మొదటి వారంలో లింగన్న మీనా సల్మాన్‌లో ఒక గోదాముకు మూటలు మోయడానికి పోయాడు. వెళ్లే రోజు నాకు చెప్పలేదు. స్టేజీ చెక్కలు వరస తప్పకుండా పేర్చి పోయాడు.

మారిసెల్ ఆ పాటను మరుసటి ఏడు ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేసి నెట్‌లో పెట్టింది. అరేంజ్‌మెంటు అన్నచోట నా పేరు వేసి, సంతోషిస్తానని ముందు నాకే పంపింది. సంతోషించాను. ఆ తర్వాత దాని మీద కవర్లు వచ్చాయి. మనీలాలో ఇద్దరు అన్నదమ్ములు పాడారు. స్థావరంలో పనిచేసే నలుగురు కలిసి పాడారు. ఎక్కడి అమ్మాయో చిన్న తీగవాద్యం ఒకటి పట్టుకుని పాడింది. అన్నిట్లోనూ ఆఖరి పల్లవి దిగుతుంది, అన్నిట్లోనూ అక్కడ వేగం తగ్గుతుంది. అన్నిటి కిందా నా పేరు.

నేను శుక్రవారాలు మా తెలుగు ఫెలోషిప్‌కు వెళ్తాను. అక్కడి సౌండూ నేనే చూసేవాణ్ని. ఈ ఏడు నేను మానేస్తున్నానని తెలిసి ఆరాధన అయ్యాక చిన్న వీడ్కోలు పెట్టారు. పాస్టరుగారు ఆ పాట సంగతి ఎత్తారు. “మన కాకినాడ మనిషి చేసిన పనిని అమెరికావాళ్లు పాడుకుంటున్నారండీ. దాసుగారూ, ఒకసారి లేచి నిలబడండి” అన్నారు. నేను లేవలేదు. మోకాళ్ల నొప్పి అనుకున్నారు. ప్లేట్లు తీస్తున్నప్పుడు పాస్టరుగారిని పక్కకు పిలిచి అది నాది కాదని చెప్పాను. ఈ మాట నాకు కాదు చెప్పాల్సింది అన్నారాయన. ఊరికి వెళ్లే టిక్కెట్టుకు ఇంకా ఇరవై రోజులున్నాయి. అంతలోగా పూర్తి చేయాలని నిశ్చయించుకున్నాను.

ఏజెన్సీలో అడిగితే గోదాము చెప్పారు. గోదాములో అడిగితే ఒక నిజామాబాద్ అతను ఫోను చేసి కనుక్కున్నాడు. లింగన్న ఇప్పుడు అరాద్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. విమానాశ్రయం దగ్గర కాబట్టి అక్కడ మాట మాటకూ విమానం అడ్డం వస్తుంది. అతను కారు తుడుస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి గుడ్డ పిండాడు, తుడవడం ఆపలేదు.

“ఏం సారూ, తొవ్వ తప్పిండ్రా?”

నీకోసమే వచ్చానన్నాను. చెప్పాల్సినదంతా నిలబడే చెప్పాను. ఐదో గడి, నాకు నేను చెప్పుకున్న సాకు, మేనేజరు గది, అక్కడ నేనన్న మాట. ఎక్కడా నాకోసం మెత్తబరచలేదు. అతను రెండో తలుపు తుడవడం పూర్తి చేసి అప్పుడు మాట్లాడాడు.

“నాకెర్కలేదా? తెర కాడనే ఉంటి. మైకు ముట్టినందుకు తిడుతరని పేరు దాసినవా? తిడితె పడుదును. తిట్లు పడుడు నాకు కొత్తనా? గోదాంల రెండేండ్లు మూటలు మోసిన, నడుము పోయింది. నువ్వు ఒక్కమాట అంటె పోయేది.”

సారూ పోయి నువ్వు వచ్చింది. అది న్యాయమే. నిజమే లింగన్నా అన్నాను.

కారు తుడవడం అయ్యాక అతనే, ఆ పాట ఇప్పుడు ఎవరు పాడుతున్నారని అడిగాడు. ఫోనులో మారిసెల్ రికార్డు పెట్టాను. కారుకు ఆనుకుని విన్నాడు. రెండు చరణాలు తల ఊపుతూ విన్నాడు. ఆఖరి పల్లవి దగ్గర మొహం చిట్లించాడు.

“గిదెవలు నిమ్మలం చేసిండ్రు? నేను గిట్ల పాడలే.”

అన్నదమ్ములది పెట్టాను. అమ్మాయిది పెట్టాను.

“అందరు గట్లనే ఆగవట్టిరి! నీకు ఆనాడే చెప్పలేదా? వాకిట్లకు వచ్చినంక మెల్లగ పిలుస్తరంటి గని, మెల్లగ నడుస్తరంటినా? ఇల్లు కనవడ్డంక కాళ్లు ఉరుకుతయి. గొంతు తగ్గుతది, నడక తగ్గదు.” కుడికాలితో నేల మీద తాళం వేసి చూపించాడు. “గిదేది? గీ సప్పుడేది?”

ఆ సాయంత్రం గదికి వెళ్లి పాత హార్డ్ డిస్కు తీశాను. లో-కట్ వేయని అసలు రికార్డు అందులో ఉంది. బాగున్న ఎడమ చెవితో విన్నాను. స్టేజీ చెక్క మీద అతని కాలు మొదటి చరణం నుంచి చివరి మాట దాకా ఒకే వేగంతో నడుస్తోంది. గొంతు దిగుతోంది, సాగుతోంది, కాలు మాత్రం ఆగడం లేదు. ఆ రెండూ కలిస్తేనే అది ఇంటికి చేరుతున్న మనిషి. నేను చప్పుడని కోసేసింది ఆ నడకనే. నడక పోయిన గొంతు విని నెమ్మది అని రాసిందీ నేనే. పదేళ్లుగా నా పేరుతో ఉన్న ఆ కూర్పులో నిజంగా నాది ఒకటే, ఆ తప్పు. దాన్ని అందరూ చాలా శ్రద్ధగా కాపీ చేశారు.

మిగిలిన రోజులు ఈ పనికే పెట్టాను. మారిసెల్‌కు ఫోను చేసి చెప్పాను. ఎవరు పాడారని పదేళ్ల కిందట తనడిగితే ఇప్పుడా జవాబు అని కోపగించుకుంది, మర్నాటికి పేరు మార్చింది. అసలు రికార్డు అడిగి తీసుకుంది. మనీలా అన్నదమ్ములకూ, స్థావరం వాళ్లకూ, ఆ అమ్మాయికీ రాశాను. ఇద్దరు మార్చారు. ఒకరు జవాబివ్వలేదు, మళ్లీ రాశాను. జుఫైర్‌లో ఆ పాట పాడే నాలుగు హోటళ్లకూ వెళ్లి క్యూ షీట్లు దిద్దించాను. ఒక బ్యాండు మాస్టరు మాకు నెమ్మదిగా ముగించడమే బాగుంది అన్నాడు. మీ ఇష్టం, కానీ ఆ నెమ్మది లింగన్నది కాదని పక్కన రాయండి అన్నాను. రాశాడు. మా హోటల్లో ఇప్పుడున్న మేనేజరుకు పాత కథ మొత్తం లిఖితపూర్వకంగా ఇచ్చాను. నాకు రెండేళ్ల కిందట ఆ పాట పేరు చెప్పి ఇచ్చిన ప్రశంసాపత్రం కూడా జత చేసి తిప్పి ఇచ్చాను.

సౌండ్‌లో ఏదైనా పని ఇప్పించమంటావా అని లింగన్నను అడిగాను. “గిప్పుడెందుకు? నడుము వంగదు, వైరెట్ల సుడుత? పేరు సక్కగ రాయి. ఉత్త లింగన్న గాదు, ఇంటిపేరుతోని రాయి” అన్నాడు. నేను క్షమించమని అడిగాను. అందుకు జవాబు చెప్పలేదు. అది అతని ఇష్టం.

వెళ్లే ముందు రోజు సాయంత్రం నాలుగింటికి, మేనేజరు అనుమతితో అతన్ని లాంజికి తీసుకెళ్లాను. ఇప్పటి బ్యాండు సౌండ్ చెక్‌లో గేటు పాట పాడింది. డ్రమ్ము వాయించేవాడు ఆఖరి పల్లవిలో అలవాటు కొద్దీ వేగం తగ్గించాడు. దిద్దిన క్యూ షీటులో వేగం మారకపోవడం గుర్తొచ్చి ఆపి, షీటు తీసి ఐదో గడి చూశాడు. తలెత్తి, మగ్గిడి లింగన్న ఎవరని అడిగాడు. లింగన్న లేచి స్టేజీ దగ్గరికి వెళ్లి, చెక్క మీద కాలితో వేగం చూపించాడు.

నా ముప్పై ఏళ్ల పనిలో ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. ఐదో గడి పొగడటానికి పెట్టింది కాదు. తేడా వచ్చినప్పుడు అడగాల్సిన మనిషి ఎవరో తెలియడానికి పెట్టింది. అక్కడ తప్పు పేరు రాస్తే ఒక మనిషికి అన్యాయం జరుగుతుంది, పని కూడా చెడుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఆ గడి నింపే ముందు, పాట ఎవరి నోటి నుంచి విన్నారో ఆ పేరు రాయండి. లో-కట్ వేసే ముందు, కోస్తున్నది ఏమిటో ఒకసారి వినండి.